కింద తడిగా ఉంది

ఆ ఆరోగ్య కేంద్రంలో ఉన్నవి రెండే గదులు. ముందు గదిలో మందుల బీరువా, బరువు చూసే యంత్రం, ఒక కాలు పొట్టిదైన బల్ల. వెనక గది కాస్త పెద్దది. దానికి ఒకటే కిటికీ. నేల మీద మూడు చాపలు పరిచి ఉన్నాయి. మంత్రసానుల శిక్షణ మూడు రోజులూ ఆ వెనక గదిలోనే.

నేర్పడానికి వచ్చిన నర్సుకి నలభై దాటాయి. పదకొండేళ్ళుగా ఆవిడకి ఇదే పని. ఊళ్ళు మారతాయి, చాపలు మారతాయి, పాఠం మాత్రం మారదు. కాన్పు అయ్యాక తల్లికి పోయే రక్తంలో ఎంత మామూలు, ఎంత ప్రమాదం, అది కంటితో చూసి ఎలా పోల్చుకోవాలి. సంచిలో ఎప్పుడూ ఒకే సామాను ఉంటుంది. ఒకే కొలతకి కత్తిరించిన పన్నెండు తెల్ల నూలుగుడ్డలు, పావు లీటరు పట్టే మగ్గు, ఎర్ర రంగు పొట్లం.

వచ్చినవాళ్ళు ఏడుగురు. అందరికన్నా చిన్నావిడకే నలభై అయిదుంటాయి. మొత్తం ఎన్ని పురుళ్ళు పోసి ఉంటారని నర్సు అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వారు.

"పిల్లల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఇంకో ఇంట్లో నొప్పులు ఆగుతాయా, సిస్టరమ్మా?" అంది ఒకావిడ.

ఆవిడకి అందరూ పెట్టుకున్న పేరు కబుర్లమ్మ. యాభై రెండేళ్ళు, బొద్దుగా ఉంటుంది, నోరు మూతపడదు. మొదటిరోజు నర్సు గుడ్డలు తీసి చాప మీద వరసగా పరుస్తుంటే, "ఇంత తెల్లటి గుడ్డ మా ఇళ్ళల్లో కనబడితే రవికె కుట్టించేసుకుంటాం తల్లీ, దీంతో రక్తం తుడవమంటే చేతులొస్తాయా?" అని అందరినీ నవ్వించింది. ఎవరికెవరికి ఏ ఆపరేషన్లు అయ్యాయో నర్సు కాగితంలో రాసుకుంటుంటే, "నా గర్భసంచి తీసేసి తొమ్మిదేళ్ళు. ఇల్లు ఖాళీ చేయించేశారు. ఇక అద్దెకి కూడా ఎవరూ దిగరు" అంది పొట్ట తట్టుకుంటూ.

నర్సు కూడా నవ్వింది. ఇలాంటి మనిషి ఒక్కరుంటే చాలు, మూడు రోజుల పాఠం మూడు గంటల్లా గడిచిపోతుంది.

బక్కెట్లో రంగు కలిపి, ఒక మగ్గు నీళ్ళు ముంచి గుడ్డ మీద పోసింది. ఎరుపు నెమ్మదిగా పాకి అంచుల్ని తాకింది. "ఇలా అంచుల దాకా తడిస్తే పావు లీటరు పోయినట్టు. ఒక గుడ్డ తడిస్తే జాగ్రత్తపడండి. రెండోది తడిస్తే ఆస్పత్రి బండికి కబురు చేయండి. మూడోదాని కోసం కూర్చోకండి."

తర్వాత గొంతు తగ్గించింది. "ధారగా పోతేనే ప్రమాదం అనుకుంటారు. కాదు. సన్నగా కారుతుంది, చాపలోకి ఇంకిపోతుంది. పైన దుప్పటి శుభ్రంగానే ఉంటుంది. అందుకని ఎత్తి చూడాలి. పావుగంటకోసారి చూడాలి. వేళకి చూస్తే ఏ తల్లీ పోదు."

ఆ చివరి మాట ఆవిడ ప్రతి ఊళ్ళోనూ అంటుంది. అది అంటున్నప్పుడు ఆవిడ గొంతులో కాస్త గర్వం కూడా ఉంటుంది.

ఆరుగురూ గుడ్డలు చేతిలోకి తీసుకుని బరువు చూశారు. ఏడో ఆవిడ ముట్టుకోలేదు. అందరికన్నా పెద్దది ఆవిడే, డెబ్భై ఉంటాయి. అందరూ పెద్దమ్మ అంటారు. రెండు చేతులూ పైటలో దాచుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. ఎర్రటి గుడ్డ దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆవిడ కళ్ళు కిటికీ వైపు పోయేవి. బయటికి కాదు. కిటికీ కింద, నేల వైపు.

రెండోరోజు సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక ఆవిడ ఉండిపోయింది. నర్సు గుడ్డలు ఉతికి ఆరేస్తోంది.

"ఇది ఆస్పత్రి కాకముందు ఇల్లు" అంది పెద్దమ్మ. "ఈ గదిలో ఒక జంట అద్దెకుండేవారు. ఆ పిల్లకి పంతొమ్మిదో, ఇరవయ్యో. తొలికాన్పు. నేనే పోశాను. మాయ కూడా చక్కగానే పడింది."

నర్సు చేతిలో గుడ్డ పట్టుకుని ఆగింది.

"కిటికీ కిందే పడుకోబెట్టాను. మొగుడు పక్క గదిలో ఉన్నాడు. నాకు ముందురోజు నుంచీ నిద్ర లేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ పిల్ల పిలిచింది... అమ్మా, కింద తడిగా ఉంది, చూడవా అని. కాన్పయ్యాక తడిగా ఉండక ఏముంటుందే, పడుకో అన్నాను. మళ్ళీ పిలిచింది. చెడ్డ రక్తం పోతోంది, పోనీ, ఒంటికి మంచిది అన్నాను. మాకలాగే చెప్పారమ్మా అప్పట్లో. మూడోసారి పిలిచింది. నేను కళ్ళు మూసుకునే, ఆఁ చూశాన్లే, ఏం లేదు అన్నాను."

పెద్దమ్మ గడ్డం ఎత్తి కిటికీ కింది నేలని చూపించింది.

"లేచి చూసేసరికి చాప కింద నేలంతా ఎరుపే. చూశానని అబద్ధం చెప్పాను సిస్టరమ్మా. ఆ పిల్ల అది నమ్మి పడుకుంది. ఒక్క గుక్క పాలు తాగకుండానే బిడ్డ కూడా పోయింది."

నర్సు ఆవిడ చేతులు పైటలోంచి తీసి పట్టుకుంది. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు. ఇలాంటివి ఆవిడ చాలా ఊళ్ళల్లో వింది. ఓదార్చడానికి ఏం చెప్పాలో తెలుసు, అదే చెప్పింది. నీ తప్పు కాదు, నీకు నేర్పినవాళ్ళు లేరు. తర్వాత, మంచి మనసుతోనే, ఇంకొక మాట అంది.

"రేపు అందరూ చేసి చూపించాలి కదా. మొదట నువ్వే చెయ్యి. ఆ కిటికీ కిందే. ఈసారి ఎత్తి చూడు. నీ బరువు దిగిపోతుంది."

"ఆ మూల వద్దమ్మా."

"వెలుతురు అక్కడే బాగుంటుంది పెద్దమ్మా."

మూడోరోజు పొద్దున్నుంచీ వాన. మధ్యాహ్నానికి కరెంటు పోయింది. నాలుగు గంటలకే మునిమాపు వేళలా ఉంది. గదిలో తడి చెప్పుల వాసన, తడి జుట్టు వాసన, వాటి మీద డెట్టాలు వాసన. చూరు మీంచి నీళ్ళు ఒకటే ధారగా పడుతున్నాయి. నర్సు టార్చిలైటు కిటికీ గూట్లో పెట్టింది.

తల్లిగా ఎవరు పడుకుంటారంటే కబుర్లమ్మ ముందే చాప ఎక్కేసింది. "ఇంట్లో నన్నెవరూ పడుకోనివ్వరు, ఇక్కడైనా ఓ కునుకు తీస్తాను" అంది. ఆవిడ నడుం కింద ఒక తెల్లగుడ్డ వేశారు. పైన దుప్పటి కప్పారు. రంగు కలిపిన బక్కెట్టు మూత పెట్టే ఉంది, గది అవతలి గోడ దగ్గర. నర్సు చెప్పినప్పుడు ఒక మగ్గు తెచ్చి గుడ్డ మీద పొయ్యాలి, పెద్దమ్మ అది చూసి గుర్తుపట్టాలి. ఆట అంతే.

పెద్దమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు ఇంకా పైటలోనే ఉన్నాయి.

"మొదలెట్టండి" అంది నర్సు. "అక్కా, నువ్వు పురిటితల్లివి. నీకెలా ఉందో చెప్పు."

కబుర్లమ్మ నీరసంగా మూలిగింది. ఆరుగురిలో ఎవరో కిసుక్కున నవ్వారు. మొగుణ్ణి తిట్టింది, అత్తగారిని తిట్టింది, మంచినీళ్ళు అడిగింది. అందరూ నవ్వుతున్నారు. తర్వాత ఆవులించింది. మళ్ళీ ఆవులించింది.

"బాగా చేస్తున్నావు" అంది నర్సు. "రక్తం పోయేవాళ్ళు ఇలాగే ఆవులిస్తారు. గమనించండి."

కానీ ఆవులింతల సంగతి తను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆ పాఠం ఇంకా రాలేదు.

కబుర్లమ్మ తల కిటికీ వైపు తిప్పింది. "అమ్మా... కింద తడిగా ఉంది."

నవ్వులు ఆగలేదు. నర్సు నవ్వు మాత్రం ఆగింది. ఆ గొంతు సన్నగా ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల గొంతు.

పెద్దమ్మ గోడకి అతుక్కుపోయింది. "నువ్వు చెప్పావా?" అని నర్సుని గుసగుసగా అడిగింది. "నేను నీకు చెప్పింది దీనికి చెప్పావా?"

"లేదు పెద్దమ్మా."

"అమ్మా... కింద తడిగా ఉంది. చూడవా?"

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. వాన చప్పుడు. దాని లోపల ఇంకో చప్పుడు... దగ్గర్లోనే... చాప మీంచి నేల మీదికి చుక్క పడుతున్నట్టు.

నర్సు దుప్పటి ఎత్తింది.

గుడ్డ అంచుల దాకా ఎర్రగా ఉంది. ఆవిడ గబుక్కున బక్కెట్టు వైపు చూసింది. మూత మూసే ఉంది. మగ్గు పొడిగా, బోర్లించి ఉంది. వంగి చూస్తే వాసన తగిలింది. రంగునీళ్ళకి వాసన ఉండదు. ఇది వెచ్చగా, ఇనుములా ఉంది. పదకొండేళ్ళుగా తెలిసిన వాసనే.

"టార్చి తీసుకురండి" అంది.

తర్వాత ఆవిడ చేతులు వాటంతటవే పని చేశాయి. నాడి పట్టుకుంది. సన్నగా, పరిగెడుతోంది. చేతులు చల్లగా, చెమటగా ఉన్నాయి. పెదాలు తెల్లబడ్డాయి. గుడ్డ మార్చింది. కొత్త గుడ్డ మధ్యలో మచ్చ కనిపించింది... పెరిగింది... అంచుకి వచ్చింది. రెండు. గర్భసంచి రుద్దాలి. పొత్తికడుపు మీద చెయ్యి వేసింది.

వేసి, తీసేసింది.

మళ్ళీ వేసింది. బొడ్డు దాకా ఉంది. మెత్తగా, పిసికిన పిండిలా ఉంది. అప్పుడే కని, ఇంకా బిగుసుకోని గర్భసంచి చేతికి ఎలా తగులుతుందో అలాగే.

తొమ్మిదేళ్ళ కిందట తీసేసిన గర్భసంచి.

"ఇదేంటి..." అంది పక్కనున్న పొడుగావిడ. ఆవిడ చెయ్యి కూడా అక్కడే ఉంది. ఆ చేతికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళుగా పురుళ్ళు పోసిన చెయ్యి.

"రుద్దు" అంది నర్సు. "గుండ్రంగా. ఆపకుండా."

పొడుగావిడ రుద్దింది. అలిసిపోతే ఇంకొకరు రుద్దారు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేశారు. ఒక్క తప్పు లేదు. కాళ్ళు ఎత్తులో పెట్టారు. బీరువాలోంచి మాత్రలు తీసి నాలుక కింద పెట్టారు. సెలైను సీసా ఒక్కటే ఉంటే నర్సు అది ఎక్కించడానికి సూది గుచ్చింది. నరం దొరకలేదు. రెండో చేతికి గుచ్చింది. ఎలాగో దొరికింది. ఫోను చేస్తే బండి డ్రైవరు అరుస్తూ మాట్లాడాడు. కల్వర్టు మీంచి నీళ్ళు పోతున్నాయి, తగ్గకపోతే దాటలేను, గంటో, గంటన్నరో.

మూడో గుడ్డ... నాలుగు...

నర్సుకి ఇంకొక్కటే మిగిలింది. బొడ్డుకి కాస్త పైన పిడికిలి ఆనించి, ఒంటి బరువంతా వేసి వెన్నెముకకి నొక్కితే, కిందికి పోయే పెద్ద రక్తనాళం మూసుకుంటుంది. బండి వచ్చేదాకా ప్రాణం నిలబెట్టడానికి చివరి ఉపాయం అదే. నొక్కింది. తొడ దగ్గర నాడి చూడమని పొడుగావిడకి చెప్పింది.

"ఆగిపోయింది సిస్టరమ్మా. కొట్టుకోవడం లేదు."

అంటే సరిగ్గానే పట్టు దొరికింది. నడుం కిందికి ఇక చుక్క రక్తం రాకూడదు.

అయిదో గుడ్డ తడిసింది.

"వస్తోంది" అంది పొడుగావిడ. "ఇంకా వస్తోంది. నాడి లేదు గాని... వస్తోంది..."

అందులో ఈ మనిషి రక్తం ఎంత, ఇంకెవరి రక్తం ఎంత? నర్సు ఆ ఆలోచన పూర్తి కానివ్వలేదు. చేతులు జారుతున్నాయి. చీరకి తుడుచుకుని మళ్ళీ నొక్కింది.

"అమ్మా" అంది చాప మీది గొంతు. కోపం లేదు. బతిమాలినట్టుంది. "చూడవా?"

గోడకి అతుక్కున్న పెద్దమ్మ కదిలింది. నేల మీద పాక్కుంటూ వచ్చింది. దుప్పటి తనే ఎత్తింది. వంగి, టార్చి వెలుగులో, కళ్ళు ఆర్పకుండా చూసింది. మూడు రోజులుగా ముట్టుకోని గుడ్డని రెండు చేతుల్తో పట్టుకుంది.

"చూశాను తల్లీ" అంది. ఏడుస్తోంది. "చూశాను. నిజంగా చూశాను. తడిగానే ఉంది. నువ్వు చెప్పింది నిజమే."

గదిలో అందరి కళ్ళూ గుడ్డ మీదికి పోయాయి. అయిపోయింది, ఇక ఆగుతుంది అనుకున్నారు. ఒప్పుకుంటే చాలనే అనుకున్నారు అందరూ.

చాప మీది మొహం నెమ్మదిగా పెద్దమ్మ వైపు తిరిగింది.

"చూశావు కదా... మరి ఇప్పుడేం చేస్తావు?"

పెద్దమ్మ తలెత్తి నర్సు వైపు చూసింది. పొడుగావిడ చూసింది. మిగిలిన నలుగురూ చూశారు. ఆరు జతల కళ్ళు. వాళ్ళకి నేర్పినదంతా అయిపోయింది. తర్వాతి పాఠం ఏమిటని అడుగుతున్నట్టున్నాయి.

నర్సు దగ్గర తర్వాతి పాఠం లేదు.

పిడికిలి తియ్యలేదు. తీస్తే ఓడిపోయానని ఒప్పుకున్నట్టవుతుంది. నొక్కుతూనే ఉంది. భుజాలు తిమ్మిరెక్కాయి. ఆరు... ఏడు... ఆ తర్వాత ఎవరూ గుడ్డలు మార్చలేదు.

అయిదున్నర అవుతుండగా కబుర్లమ్మ కళ్ళు తెరిచింది. గొంతు తనదే.

"సిస్టరమ్మా, నాకేమవుతోంది? ఒళ్ళంతా చలేస్తోంది."

"ఏం లేదక్కా. బండి వస్తోంది."

అనేశాక ఆ మాట ఎవరిదో నర్సుకి తెలిసింది. ఏం లేదు. పెద్దమ్మ తల వంచుకుంది.

"ఆటలో నేను బాగా చేశానా?"

"చాలా బాగా చేశావు."

"వాన తగ్గితే మా అమ్మాయి వస్తానంది. ఇదంతా తుడిచేయండి. అది చూస్తే భయపడుతుంది." కాసేపాగి, కబుర్లు చెప్పే మనిషి కదా, ఇంకేదో చెప్పబోయింది. పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు.

బండి పావు తక్కువ ఏడుకి వచ్చింది. ఎక్కించారు, తీసుకెళ్ళారు. పెద్దాస్పత్రిలో డాక్టరు టార్చి వేసి కళ్ళు చూసి, తల అడ్డంగా ఊపాడు. నర్సు జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన వినలేదనలేం, విన్నాడు. పొట్ట మీద పాత ఆపరేషన్ మచ్చ చూశాడు. లోపల చూశాడు. గాయం లేదు, చిరుగు లేదు, గర్భసంచి లేదు.

"ఒంట్లో రక్తం లేదు" అన్నాడు. "ఎక్కణ్ణుంచి పోయింది?"

కాగితంలో కారణం అని ఉన్నచోట కలం ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. కారణం తెలియదని రాసి సంతకం పెట్టాడు. కబుర్లమ్మ బతికుండగా ఇదే ప్రశ్న ఎవరైనా అడిగితే ఎన్ని జోకులు వేసేదో అని నర్సుకి అనిపించింది. అప్పుడు ఏడుపొచ్చింది.

ఆ రాత్రి ఎవరూ ఇళ్ళకి పోలేదు. ఆరుగురు మంత్రసానులూ పెద్దాస్పత్రి వసారాలో గోడ వెంబడి కూర్చున్నారు. ఎంత మంది పిల్లల్ని ఈ లోకంలోకి తెచ్చారో ఆ చేతులు, ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. తెల్లవారుజామున కూతురు వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, చంకలో ఒకణ్ణి, చేత్తో ఒకణ్ణి పట్టుకుని. వాళ్ళమ్మ మొహమే. ఎవరి మీదా అరవలేదు. పిల్లల్ని పొడుగావిడకి అప్పజెప్పి, "అమ్మకి నేనే స్నానం చేయిస్తాను" అంది. శవాన్ని ఉంచిన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

నర్సు తలుపు బయట నిలబడింది. వాన వెలిసింది. లోపల చెంబుతో నీళ్ళు పోస్తున్న చప్పుడు. పోసింది. మళ్ళీ పోసింది. ఆగింది.

చాలాసేపు మళ్ళీ చప్పుడు లేదు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. కూతురు బయటికి రాలేదు. సందులోంచి మొహం మాత్రం కనిపించింది.

"సిస్టరమ్మా" అంది. చాలా నెమ్మదిగా, ఎవరో నిద్రపోతుంటే లేస్తారేమో అన్నట్టు. "మీరు నర్సు కదా. ఒకటి అడుగుతాను, తిట్టకండి."

"చెప్పు తల్లీ."

"అమ్మకి పాలు వస్తున్నాయి."

నర్సు తలుపు రెక్క పట్టుకుంది.

"నాకిద్దరు పిల్లలు, పాలు కాకుండా ఇంకోటి అని పొరబడను. కుడివైపు రాయిలా బిగుసుకుపోయి కారుతోంది." ఆ పిల్ల ఒకసారి వెనక్కి, గదిలోకి చూసింది. "ఎడమవైపు మాత్రం మెత్తగా ఉంది, సిస్టరమ్మా... ఇప్పుడే ఎవరో కడుపునిండా తాగి వదిలేసినట్టు."